సజీవనేత్రమును కొలిచిన హెల్మ్‌హోల్ట్స్

శుక్లము తీయించుకొన్న వృద్ధులు సోడాబుడ్డి అడుగువలె దళసరియైన అద్దములు ధరించి, గడప యెక్కడనున్నదో తెలియక తడుముకొనుచు నడచుట మన యిండ్లలోని పెద్దలకు జ్ఞాపకముండును. ఇప్పుడు అట్టి అద్దములు అరుదుగా గాని కానరావు. మసకబారిన కటకమును తీసివేసి, దానికి బదులుగా కంటిలోపలనే చిన్న కృత్రిమ కటకము నమర్చుచున్నారు. అయితే అంగడిలో చెప్పులజోడు తొడిగి చూచినట్లు కటకములను ఒకదాని తరువాత నొకటి కంటిలో పెట్టి చూచుటకు వీలులేదు. ఎంత శక్తిగల కటకము కావలెనో శస్త్రచికిత్సకు ముందే లెక్కగట్టవలెను. లెక్క తప్పినచో చికిత్స యెంత నేర్పుతో జరిగినను చూపు మాత్రము సరిగా కుదురదు. ఈ లెక్కకు ముఖ్యముగా రెండు కొలతలు కావలెను. ఒకటి కంటి పొడవు. రెండవది కార్నియా యొక్క వంపు. కార్నియా యనగా గడియారమునకు అద్దమువలె కంటికి ముందరనుండు పారదర్శకమైన పొర. బ్రతికియున్న మనిషి కంటిలో ఈ వంపును నమ్మదగినట్లు కొలుచు ఉపాయమును లోకమునకిచ్చినవాడు జర్మనీ దేశీయుడగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్. ఆయన నేత్రవైద్యుడు కాడు. ఒక బడిపంతులు కుమారుడు.

హెల్మ్‌హోల్ట్స్ 1821వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బెర్లిన్ నగరమునకు సమీపమందలి పోట్స్‌డామ్ పట్టణమున జన్మించెను. తండ్రి అచ్చటి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. జీతము స్వల్పము, సంసారము పెద్దది. పిల్లవాడు బాల్యమున తరచుగా జబ్బుపడి మంచముననే యుండెను. బొమ్మరాళ్ళతో ఆడుకొనుచు రేఖాగణితములోని సంగతులను బడికి పోకముందే చాలవరకు తెలిసికొనెను. కాని కుడియెడమలు గుర్తించుట ఆయనకు కష్టము. వ్యాకరణమునందలి అపవాదములు, పరభాషాపదములు, చరిత్రలోని పేర్లు కంఠస్థము చేయుట అంతకంటె కష్టము. తరగతిలో లాటిన్ గ్రంథములు చదువుచుండగా ఈయన బల్లక్రింద కాగితముంచుకొని దూరదర్శినిలో కాంతికిరణములు ఏ త్రోవను పోవునో గీచి లెక్కలు వేసెడివాడు. ఈ సంగతి ఆయనయే 70 ఏండ్ల వయస్సున సభలో చెప్పుకొనెను. దీనిని చదివి నా తరగతిలోని బాలురు కొందరు సంతోషింతురని యెరుగుదును. వారు బల్లక్రింద చేయుచున్నది కిరణముల లెక్కయే యైనయెడల నాకును సంతోషమే.

ఆయన మనస్సు భౌతికశాస్త్రముమీద నుండెను. కాని ఆ చదువునకు తండ్రివద్ద ధనము లేదు. బెర్లిన్‌లోని సైనిక వైద్యవిద్యాలయములో ఉచితముగా చదువు చెప్పి, తరువాత కొన్నియేండ్లు సైన్యములో వైద్యుడుగా పనిచేయవలెనని నియమము పెట్టుచుండిరి. తండ్రి యాలోచన ననుసరించి 1838లో అందు చేరెను. అచ్చట యోహానెస్ మ్యూలర్ అను సుప్రసిద్ధుడైన ఆచార్యుడు ఆయనకు గురువయ్యెను. విద్యార్థిదశలోనే ఆయనకు విషజ్వరము తగిలి ఆసుపత్రిలో పడియుండవలసివచ్చెను. విద్యార్థియగుటచే అచ్చట ఖర్చు లేదు. అన్ని దినములు మిగిలిన భత్యమును కూడబెట్టి, లేచివచ్చిన పిమ్మట ఒక సూక్ష్మదర్శినిని కొనెను. అది గొప్ప యంత్రమేమియు కాదు. అయినను 1842లో పట్టమునకై వ్రాసిన నాడీకణముల పరిశోధన దానితో చేసినదే.

పిమ్మట పోట్స్‌డామ్‌లో సైనికవైద్యుడుగా నుండెను. కొలువు చేయుచునే 1847లో, తన 26వ యేట, శక్తి నశింపదనియు రూపము మాత్రమే మారుననియు తెలుపు వ్యాసమును బెర్లిన్ భౌతికశాస్త్ర సంఘమున చదివెను. ఆ కాలపు ప్రముఖ శాస్త్రపత్రిక దానిని ప్రకటించుటకు అంగీకరింపలేదు. విడిగా చిన్న పుస్తకముగా అచ్చువేయించుకొనవలసి వచ్చెను. నేడు ప్రతి పాఠశాలలోను బోధింపబడు ఆ సిద్ధాంతమునుగూర్చి యిచ్చట విస్తరింపను. మన విషయము కన్ను.

సైన్యపు కొలువునుండి ముందుగానే విడుదల లభించి, 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. ఆ యేడే ఓల్గా ఫాన్ వెల్టెన్ అను యువతిని వివాహమాడెను. కప్పకాలి నరములో వార్త ఎంత వేగముతో ప్రయాణము చేయునో కొలిచినది అచ్చటనే. మనోవేగమునకు కొలత లేదని అందరును తలచుచుండగా, నరములో వార్త సెకండునకు 30 మీటర్లకు అటునిటుగా మాత్రమే పోవునని తేలెను. కొలువరానిదని లోకము విడిచిపెట్టినదానిని కొలిచి చూచుట ఆయన స్వభావమని దీనివలన తెలియుచున్నది.

1850వ సంవత్సరపు చివర, విద్యార్థులకు చెప్పవలసిన పాఠమును సిద్ధపరచుకొనుచుండగా ఒక చిక్కు ఆయన మనస్సును పట్టుకొనెను. పిల్లికన్ను చీకటిలో మెరయునుగదా, మనిషి కనుపాప యేల ఎప్పుడును నల్లగానే యుండును? కంటిలోనికి పోయిన వెలుతురులో కొంత వెనుకకు వచ్చును. అయితే అది వచ్చిన త్రోవనే మరలి దీపమువద్దకే పోవును. దానిని చూడవలెనన్నచో మన కన్ను ఆ త్రోవలోనే యుండవలెను. కాని అచ్చట తల పెట్టినంతనే దీపపు వెలుతురునకు మన తలయే అడ్డమగును. ఇందుకు ఆయన కనిపెట్టిన యుపాయము మిక్కిలి సులభము. దీపమును ప్రక్కనుంచి, గాజుపలకలను ఏటవాలుగా నిలిపి, వెలుతురును వానిపై ప్రతిఫలింపజేసి కంటిలోనికి పంపెను. తాను ఆ గాజుగుండనే చూచెను. ప్రతిబింబము స్పష్టమగుటకు ఒక పుటాకార కటకమును చేర్చెను. అట్టముక్కలు, కళ్ళజోడు అద్దములు, సూక్ష్మదర్శినిలో వాడు పలుచని గాజుబిళ్ళలు, ఇవియే సాధనములు. సుమారు 8 దినములు పట్టుదలతో పనిచేసి, బ్రతికియున్న మనిషి కంటియడుగున రెటీనాను, దానిమీద కొమ్మలవలె వ్యాపించిన రక్తనాళములను స్పష్టముగా చూచెను. ఆ యేడు డిసెంబరులోనే బెర్లిన్ సంఘమునకు తెలియజేసి, పోట్స్‌డామ్‌లోని తండ్రికిని ఉత్తరము వ్రాసెను.

న్యాయముగా చెప్పవలెనన్నచో అట్టి సాధనమును ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి 1847లోనే చేసియుండెను. ఆయన దానిని ఒక నేత్రవైద్యునికి చూపెను. వైద్యునికి దాని విలువ తోచలేదు, బాబేజియు దానిని విడిచివేసెను. హెల్మ్‌హోల్ట్స్ కిరణమార్గమును ఆద్యంతము లెక్కగట్టి, సాధనము ఎందుకు పనిచేయునో, ఎట్లు బాగుచేయవచ్చునో 1851లో చిన్న గ్రంథముగా ప్రకటించెను. బెర్లిన్‌లో యువవైద్యుడగు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె దానిని చేతబట్టుకొనగానే నేత్రవైద్యమున క్రొత్తయుగ మారంభమయ్యెను.

ఈ సాధనమునుబట్టియే హెల్మ్‌హోల్ట్స్ పేరు వైద్యలోకమున మారుమ్రోగినది. నా యభిప్రాయమున దానివెంట వచ్చిన రెండవ సాధనము అంతకు తక్కువది కాదు. మొదటిది చూచుటకు, రెండవది కొలుచుటకు. దానికి ఆయన పెట్టిన పేరు ఆఫ్తాల్మోమీటరు, అనగా కంటికొలమానము.

అంతవరకు కంటి కొలతలు చాలవరకు మృతుల కండ్లను కోసి తీసినవి. కాని ప్రాణము పోయిన తోడనే కంటిలోని బిగువు తగ్గును, కార్నియా సడలును, కటకపు ఆకారము మారును. అట్టి కంటి కొలతలతో బ్రతికియున్న కంటి లెక్క వేయుట, వాడిన పువ్వునుబట్టి మొగ్గను కొలిచినట్లుండును. మరి బ్రతికియున్న కంటిమీద కొలబద్ద నుంచుట యెట్లు? తాకినంతనే రెప్ప మూతపడును.

విద్యార్థులారా, మీ స్నేహితుని కంటిలోనికి తేరిచూడుడు. కిటికీయొక్క చిన్న ప్రతిబింబము నిటారుగా కనబడును. బాగుగా తోమిన ఇత్తడిచెంబుమీద మీ ముఖము చిన్నదిగా కనబడునట్లే, కార్నియా ఒక కుంభాకార దర్పణమై కిటికీని చూపుచున్నది. గుండ్రదనము హెచ్చినకొలది, అనగా వ్యాసార్ధము తగ్గినకొలది, ప్రతిబింబము చిన్నదగును. కావున రెండు దీపములను తెలిసిన దూరమున నిలిపి, కార్నియాలో వాని ప్రతిబింబముల నడుమ ఎడమెంతయో కొలిచినచో, వంపు లెక్కకు వచ్చును. కంటిని తాకనక్కరలేదు.

ఇంతవరకు ఇతరులును ఆలోచించిరి. చిక్కు వేరొకచోట నుండెను. ఎంత నిలిపినను మనిషి కన్ను క్షణమాత్రమైనను కదలకుండ నిలువదు. ప్రతిబింబపు ఒక అంచున గీత నిలిపి రెండవ అంచునకు పోవులోగా కన్ను కదలిపోవును. ఆ ప్రతిబింబమో ఒకటి రెండు మిల్లీమీటర్లు. దీనికి ఆయన చేసిన యుపాయమునకు బంధువు జ్యోతిశ్శాస్త్రమందు కలదు. నక్షత్రముల నడిమి స్వల్పమైన ఎడమును కొలుచుటకు, ప్రతిబింబమును రెండుగా జేసి ఒకదానితో నొకటి కలుపు హీలియోమీటరను యంత్రము ఖగోళజ్ఞులకు కలదు. కోనిగ్స్‌బర్గ్‌లోనే బెస్సెల్ పండితుడు 1838లో దానితో ఒక నక్షత్రపు దూరమును కొలిచియుండెను. హెల్మ్‌హోల్ట్స్ తన దూరదర్శిని ముందర రెండు దళసరి గాజుపలకలను, సగమునకొకటి చొప్పున, ప్రక్కప్రక్కన నిలిపెను. పలకలు తిన్నగా నున్నప్పుడు ప్రతిబింబ మొకటియే. రెండింటిని ఎదురెదురు దిక్కులకు వాల్చినచో ప్రతిబింబము రెండుగా చీలి దూరమగును. ఒక ప్రతిబింబపు కుడియంచు రెండవదాని యెడమయంచును తాకువరకు వాల్చి, ఆ కోణమును చదువుకొనినచో ప్రతిబింబపు వెడల్పు తెలియును. కన్ను కదలినను రెండు ప్రతిబింబములు కలిసియే కదలును. తాకిడి చెడదు. కంటిని కదలవద్దని శాసింపక, కదలికవలన కొలత చెడని మార్గమును కనిపెట్టుట యందే ఈ యంత్రపు గొప్పతన మున్నది.

ఆ యంత్రముతో ఆయన ముగ్గురి కండ్లను కొలిచి ప్రకటించిన వ్యాసార్ధములు 7.338, 7.646, 8.154 మిల్లీమీటర్లు. మూడు కండ్లు, మూడు కొలతలు. చూపరులకు ఆ కండ్లలో భేదమేమియు తోచదు. భేదము మిల్లీమీటరులో ఎనిమిది పదవ వంతులు మాత్రమే. ఈ సంఖ్యలను జ్ఞాపకముంచుకొనుడు. వీనితో ముందు పని యున్నది.

అంతటితో ఊరకుండక, కంటిలోపలి కటకపు ముందుతలము, వెనుకతలము చూపు మసకమసక ప్రతిబింబములను గూడ పరీక్షించెను. దూరమునుండి దగ్గరకు చూపు మరల్చినపుడు కటకపు ముందుతలము మరింత ఉబ్బునని స్థిరపరచి 1855లో ప్రకటించెను. ఈ మార్పు కటకమందే జరుగునని థామస్ యంగ్ 1801లోనే, తన కంటిని నీటిలో నుంచుకొని చూచి, నిరూపించియుండెను. హాలండు దేశీయుడగు క్రామర్ కూడ ఇంచుమించు అదేకాలమున స్వతంత్రముగా ఈ ఉబ్బును కనుగొనెను.

తరువాతి జీవితమును త్వరగా చెప్పెదను. 1855లో బాన్ నగరమునకు, 1858లో హైడెల్‌బర్గ్‌నకు పోయెను. 1859వ సంవత్సరము ఆయనకు కాలరాత్రివంటిది. ఆ యేడు తండ్రి మరణించెను. డిసెంబరు చివర, చిరకాలము జబ్బుతో బాధపడిన ఓల్గా ఇద్దరు పిల్లలను విడిచి కన్నుమూసెను. అట్టి దినములలోనే నేత్రశాస్త్ర మహాగ్రంథపు రెండవ భాగము 1860లో వెలువడెను. మొదటిది 1856లో, మూడవది 1867లో వచ్చినవి. 1861లో ఆనా ఫాన్ మోల్‌ను ద్వితీయవివాహము చేసికొనెను. 1863లో సంగీతస్వరములను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1871లో బెర్లిన్‌లో భౌతికశాస్త్రాచార్య పదవి లభించెను. ధనము లేక బాల్యమున చదువలేకపోయిన శాస్త్రమునకు 50వ యేట ఆచార్యుడయ్యెను! విద్యుత్తరంగములను కనుగొన్న హెర్ట్స్ ఆయన శిష్యుడే. 1886లో నేత్రవైద్యులు గ్రేఫె పేర నెలకొల్పిన పతకమును మొట్టమొదట ఆయనకే యిచ్చిరి. ఉలిని చేసిన కమ్మరిని శిల్పితో సమానముగా నెన్నరాదని ఆ సభలో ఆయన వినయముతో చెప్పుకొనెను. 1889లో, శాస్త్రజ్ఞుడుగా పేరుపొందుచున్న కుమారుడు రాబర్ట్ మరణించెను. 1893లో అమెరికాలోని చికాగోకు పోయి తిరిగివచ్చుచు ఓడలో మెట్లమీదనుండి పడి తలకు గట్టిదెబ్బ తగిలించుకొనెను. మరుసటియేడు, 1894 సెప్టెంబరు 8వ తేదీన, 73వ యేట కాలధర్మము చెందెను.

ఆయన కాలమున శుక్లమునకు చికిత్స కటకమును వెలికి తీయుటతో ముగియుచుండెను. దాని స్థానమున పెట్టునదేమియు లేదు. దళసరి అద్దమే గతి. కంటికొలమానము సాంప్రదాయముగా పరిశోధనాలయములందే యుండెను. దానితో కొలుచుటకు చాల కాలము పట్టును. 1881లో పారిసునందు జవాల్, షియట్స్ అనువారు దానిని సులభమగునట్లు మార్చి వైద్యశాలలకు తెచ్చిరి.

కంటిలోనే కటకము నుంచు సాహసమును లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ చేసెను. 1949 నవంబరులో మొదలిడి 1950 ఫిబ్రవరిలో ముగించెను. కటకము కంటిలో నిలిచినది. కాని రోగికి సుమారు 20 డయాప్టర్ల హ్రస్వదృష్టి కలిగెను. కారణమేమనగా, కృత్రిమకటకమును ప్రకృతికటకపు ఆకారమునకు దగ్గరగా చేసిరి. పెర్‌స్పెక్స్ అను పదార్థము వెలుతురును ప్రకృతికటకముకంటె హెచ్చుగా వంచును. కంటిలోని ద్రవమునడుమ దాని శక్తి ఇంచుమించు రెట్టింపయినది. చేతిపని గెలిచి లెక్క తప్పినది. అటుపిమ్మట రిడ్లీ కటకపు ఆకారమును మార్చి తప్పును తగ్గించెను. అయినను చాలకాలము అనేకులు అందరికిని సగటు శక్తిగల కటకమునే పెట్టుచుండిరి.

సగటు కన్ను పుస్తకములో నుండును, మనిషికి ఉండదు. 1967లో రష్యాదేశపు నేత్రవైద్యుడు ఫ్యోదొరోవ్, ఆయన సహచరుడును, కార్నియా వంపును, ధ్వనితరంగములచే కొలిచిన కంటిపొడవును చేర్చి కటకశక్తిని లెక్కగట్టు సూత్రమును ప్రకటించిరి. 1980లో సాండర్స్, రెట్స్‌లాఫ్, క్రాఫ్ అను ముగ్గురు అమెరికనులు, చికిత్స జరిగిన కండ్ల ఫలితములను సమీకరించి మరింత సులభమైన సూత్రము చేసిరి. ఒక స్థిరసంఖ్యనుండి, కంటిపొడవు మిల్లీమీటర్లకు రెండున్నర రెట్లును, కార్నియా శక్తికి 0.9 రెట్లును తీసివేయవలెను. మిగిలినదే కావలసిన కటకశక్తి. కార్నియా శక్తికై 337.5ను మిల్లీమీటర్ల వ్యాసార్ధముచే భాగించుట వైద్యుల వాడుక.

ఇప్పుడు హెల్మ్‌హోల్ట్స్ కొలిచిన మూడు కండ్లను తీసికొందము. వాని శక్తులు వరుసగా 46.0, 44.1, 41.4 డయాప్టర్లు. మూడింటికిని పొడవు 23.5 మిల్లీమీటర్లనియు, స్థిరసంఖ్య 118 అనియు అనుకొందము. లెక్క వేయగా కావలసిన కటకములు ఇంచుమించు 18, 19.5, 22 డయాప్టర్లు. పై తరగతుల విద్యార్థులు తామే వేసి చూచుకొనవచ్చును. అందరికిని మధ్యదానినే పెట్టినయెడల ఒకరికి దూరదృష్టి దోషము, ఒకరికి హ్రస్వదృష్టి మిగులును. కంటి పొడవులో తప్పు ఇంకను ప్రమాదకరము. ఒక్క మిల్లీమీటరు తప్పినచో రెండున్నర డయాప్టర్లు తప్పును. ధ్వనితో కొలుచునపుడు కంటిని కొంచెము నొక్కినను పొడవు తగ్గి కనబడును. అందుచే 1999 నుండి కంటిని తాకకుండ కాంతికిరణముచే పొడవును కొలుచు యంత్రము వచ్చినది.

1980 నాటి సూత్రము సామాన్యపు పొడవుగల కండ్లకు బాగుగా పనిచేసి, మిక్కిలి పొట్టి, మిక్కిలి పొడుగు కండ్లలో తప్పుచుండెను. ఏలయనగా మూడవ సంగతి యొకటి కలదు. క్రొత్తకటకము కంటిలో ఎంత లోతున కుదురుకొనునో చికిత్సకు ముందు ఎవ్వరును కొలువజాలరు, ఊహింపవలసినదే. తరువాతి సూత్రములు బాగుపడినది చాలవరకు ఈ యూహయందే. మరియొక చిక్కు మన కాలమునకు వచ్చినది. కళ్ళజోడు మానుటకై యౌవనమున కార్నియాను లేసరుతో చెక్కించుకొన్నవారికి వృద్ధాప్యమున శుక్లము వచ్చినపుడు, వాడుక లెక్క మోసగించును. పై కొలత ముందుతలమునే చూచి వెనుకతలమును దానినిబట్టి ఊహించును. చెక్కినపిమ్మట ఆ రెంటి పొత్తు చెడిపోవును. అట్టివారు తమ పాత వైద్యపు కాగితములను భద్రపరచి వైద్యునకు చూపవలెను. వెనుకతలమును సయితము కొలుచు యంత్రములు నేడు కలవు.

శుక్లము చూపించుకొనుటకు మీ తాతగారిని ఆసుపత్రికి తీసికొనిపోయినపుడు, కత్తి యనుమాట వినబడుటకు ముందే, ఆయనను ఒక యంత్రము నెదుట కూర్చుండబెట్టి గడ్డము ఆనించి తిన్నగా చూడుమందురు. ప్రక్కన నిలిచి ఆయన కంటివైపు చూచినచో నల్లని కనుపాపమీద చిన్నచిన్న దీపముల ప్రతిబింబములు వలయముగా మెరయుట కనబడును.